తొమ్మిది నెలల పాపకు వాసన లోషన్లు, సున్నిపిండి వాడొచ్చా? గుండుకు గంధం పూయొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. పాపకు తొమ్మిది నెలలు. నెలన్నర నుంచి బుగ్గల మీద, మెడ మడతల్లో, మోచేతుల దగ్గర ఎర్రగా, గరుగ్గా వస్తా ఉంది. రాత్రిళ్ళు గీక్కుంటా ఉంది. కాన్పప్పుడు గిఫ్ట్ బాక్సులో వచ్చిన లోషన్ మానేసి, సహజ మూలికలతో చేసిందని రాసిన ఖరీదైన లోషన్ తెచ్చినాం. తగ్గలేదు. మా అత్తమ్మ అవేవీ వద్దని సున్నిపిండితో నీళ్ళు పోసి సాంబ్రాణి వేస్తా ఉన్నారు. అయినా అట్లే ఉంది. సెంట్లతో హార్మోన్లు చెడిపోతాయని, క్యాన్సర్ వస్తుందని వీడియోల్లో చూసి భయమేస్తా ఉంది. వచ్చే నెల కొండకు పోయి పుట్టెంట్రుకలు తీయించాలి. గుండుకు గంధం పూయొచ్చా?

సమాధానం: అమ్మా, ముందు చేయాల్సిన పని చెప్తాం, కారణాలు తర్వాత. ఈ రోజు నుంచి మూడు వారాలు పాప ఒంటికి వాసన ఉన్నదేదీ తగలనివ్వకండి. పాత లోషన్, కొత్త లోషన్, పౌడరు, బేబీ ఆయిల్, తడి టిష్యూలు, సున్నిపిండి, సాంబ్రాణి అన్నీ ఒకేసారి ఆపాలి. మీరు ఇప్పటిదాకా ఒకటి ఆపి ఇంకోటి మొదలుపెట్టారు. ఆపినదాంట్లో ఉన్న పదార్థమే మొదలుపెట్టినదాంట్లోనూ ఉంటే తేడా ఎలా తెలుస్తుంది?

అలా ఉండే అవకాశం చాలా ఎక్కువ. లావెండర్ నూనె కలిపిన మూలికల లోషన్‌లో వాసననిచ్చేది ముఖ్యంగా లినలూల్. ఫ్యాక్టరీలో తయారైన బేబీ సెంటులోనూ సాధారణంగా ఉండేది అదే. సున్నిపిండిలో నారింజ తొక్కలు కలిపితే లిమొనీన్, గులాబీ రేకులు కలిపితే జెరానియోల్, లవంగం గానీ తులసి గానీ ఉంటే యూజెనాల్. చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది చర్మానికి తెలియదు, అణువు ఒక్కటే. పైగా లినలూల్, లిమొనీన్ రెండూ గాలి తగిలేకొద్దీ హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి. అసలు పదార్థం కంటే అలర్జీ తెప్పించే గుణం వీటికే ఎక్కువ. మూత సరిగా పెట్టకుండా, మన తిరుపతి ఎండల్లో కిటికీ పక్కన నెలల తరబడి ఉన్న సీసా అందుకే కొత్త సీసా కంటే ప్రమాదం.

పాప చర్మం మీద జరిగేది రెండు రకాలుగా ఉండొచ్చు. మొదటిది మంట, అంటే ఒరిపిడి, సబ్బు, పిండి, చొంగ, చెమట కలిసి పై పొరను దెబ్బతీయడం. ఇది ఎవరికైనా వస్తుంది, పూసిన కొద్ది గంటల్లోనే కనబడుతుంది. రెండోది అలర్జీ. దీనికి శరీరం ముందుగా ఆ పదార్థాన్ని గుర్తుపెట్టుకోవాలి, అందుకు కనీసం పది పదిహేను రోజులు, ఒక్కోసారి నెలలు పడుతుంది. గుర్తుపెట్టుకున్నాక మళ్ళీ తగిలితే ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత ఎర్రబడుతుంది. తల్లులు పొరబడేది ఇక్కడే. సోమవారం పూసినదానికి బుధవారం దద్దు లేస్తే, మంగళవారం తినిపించిన గుడ్డు మీదో, కట్టిన కొత్త గౌను మీదో నింద వేస్తారు. రెండు నెలలు బాగానే పడిన లోషన్ మూడో నెలలో పడకపోవడానికి కారణం కూడా ఇదే.

పసిపిల్లల చర్మం పై పొర పెద్దవాళ్ళదానికంటే పల్చన. బరువుతో పోల్చి చూస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ కాబట్టి, పూసినదానిలో ఎంతో కొంత లోపలికి పోయినా ఆ చిన్న శరీరానికి అది ఎక్కువే. పాపకు ఇప్పటికే చర్మం పగిలి ఉంది గనుక లోపలికి దారి ఇంకా తెరుచుకుని ఉంది. మీరు రాసిన వయసు, చోట్లు, రాత్రి దురద చూస్తే ఇది పసిపిల్లల ఎగ్జిమా అయి ఉండొచ్చు. అది పుట్టుకతో వచ్చే చర్మ స్వభావం. సువాసనలు దానికి మూలం కాకపోయినా రగిలిస్తాయి. డాక్టరు చూసి నిర్ధారించాలి. ఇంట్లో ఇంకెవరికైనా రాత్రిపూట దురద ఉంటే గజ్జి కావచ్చు, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

లేబుల్ చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. ఫ్రాగ్రెన్స్, పర్ఫ్యూమ్, పార్ఫమ్, అరోమా అనే నాలుగు మాటల్లో ఏది కనబడినా పక్కన పెట్టండి. ఆ ఒక్క మాట వెనుక పదుల సంఖ్యలో పదార్థాలు ఉండొచ్చు. అసలు పేర్లు ఇచ్చిన డబ్బాలపై లినలూల్, లిమొనీన్, సిట్రల్, జెరానియోల్, సిట్రొనెల్లోల్, యూజెనాల్, సిన్నమల్, హైడ్రాక్సీ సిట్రొనెల్లాల్ లాంటివి కనబడతాయి. చివరన ఎక్కడో రాశారు, కొంచెమే ఉంటుంది కదా అనుకోకండి. మన దేశపు 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువ ఉన్నవాటినే పరిమాణం తగ్గే వరుసలో రాయాలి, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాయొచ్చు. సెంటు దాదాపు ఎప్పుడూ ఆ చివరి గుంపులోనే ఉంటుంది. అలర్జీకి ఎంత కొంచెం చాలో యూరప్ నిబంధన చూస్తే అర్థమవుతుంది. అక్కడ 2005 నుంచి 26 సువాసన పదార్థాలను, ఒంటి మీద ఉంచేసే లోషన్లలో 0.001 శాతం దాటితే పేరుతో సహా రాయాల్సిందే. అంటే 100 గ్రాముల లోషన్‌లో ఒక్క మిల్లీగ్రాము. కడిగేసే సబ్బులూ షాంపూలకు 0.01 శాతం. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచారు. మల్లె నూనె, చందన తైలం, కర్పూరం, మెంథాల్ అందులో చేరాయి.

ఇంకో మెలిక ఉంది. 60 మిల్లీలీటర్లు, 30 గ్రాములు దాటని చిన్న ప్యాకెట్లపై పదార్థాల జాబితా వేయనక్కరలేదని మన నిబంధనలే మినహాయింపు ఇస్తున్నాయి. గిఫ్ట్ బాక్సుల్లో వచ్చే బుల్లి సీసాలు చాలావరకు ఆ కొలతలోనివే. జాబితా లేని సీసాను పాపకు వాడకండి. ఆ బాక్సులో సబ్బు, నూనె, పౌడరు, లోషన్ అన్నీ ఒకే వాసన కొడుతుంటాయి. అంటే ఒకే సెంటు రోజుకు నాలుగుసార్లు పాప ఒంటికి అందుతుంది.

అన్‌సెంటెడ్ అని రాసినదాన్ని కూడా వెనక తిప్పి చూడండి. ముడి పదార్థాల వాసన తెలియకుండా కప్పడానికి దాంట్లో ఇంకో సువాసన కలిపి ఉండొచ్చు. ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అన్న మాట కావాలి, జాబితా కూడా దానికి సరిపోవాలి. హైపోఅలర్జెనిక్, మైల్డ్, నేచురల్ అనే మాటలను నమ్మి కొనొద్దు. అవి పడతాయన్న హామీ కాదు. తడి టిష్యూల విషయంలో సెంటు ఒక్కటే కాదు, మిథైల్ ఐసోథయాజొలినోన్ అనే నిల్వ మందు కూడా చూడాలి. ఒంటి మీద ఉంచేసే ఉత్పత్తుల్లో దీన్ని యూరప్ 2017లో నిషేధించింది. ఇంట్లో ఉన్నప్పుడు పిర్రలు తుడవడానికి గోరువెచ్చని నీళ్ళూ మెత్తని నూలు గుడ్డా చాలు.

ఇక మీ భయం సంగతి. సువాసనల వల్ల చర్మానికి అలర్జీ వస్తుందన్నది గట్టిగా రుజువైన విషయం. హార్మోన్ల ఆందోళనకు కూడా ఆధారం లేకపోలేదు. లిలియాల్ అనే సువాసన పదార్థం సంతానోత్పత్తికి హాని చేస్తుందని తేల్చి యూరప్ 2022 మార్చి 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. జాబితాలో దాని పేరు బ్యూటైల్‌ఫినైల్ మిథైల్‌ప్రొపియోనల్ అని ఉంటుంది, కనబడితే ఆ సీసా పారేయండి. సెంటు త్వరగా ఆరిపోకుండా కలిపే డైఈథైల్ థాలేట్ మీద కూడా అనుమానాలు ఉన్నాయి. అయితే రెండు సీసాల లోషన్ పూసినందుకు పాపకు క్యాన్సర్ వస్తుందని నిద్ర మానుకోవద్దు. అలా అనడానికి ఆధారం లేదు. సెంటు వల్ల పాపకు ఒరిగే మేలు ఒక్కటీ లేదు కాబట్టి దాన్ని మానేయడంలో నష్టం లేదు. మా నిర్ణయానికి ఈ ఒక్క కారణం చాలు.

సున్నిపిండి గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన వైపు పొట్లాల్లో దొరికే సున్నిపిండిలో పెసలు, శనగపప్పుతో పాటు కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, నారింజ తొక్కలు, ఎండు గులాబీ రేకులు, బావంచాలు కలుపుతారు. సగం దినుసులు వాసన కోసమే. అన్నిటికంటే మమ్మల్ని కలవరపెట్టేది బావంచాలు. వాటిలో సొరాలెన్ ఉంటుంది. బొల్లి మచ్చలకు డాక్టర్లు ఎండతో, అల్ట్రావయొలెట్ కాంతితో కలిపి వాడేది ఆ మందునే. అది ఒంటికి అంటుకుని ఉన్నప్పుడు ఎండ తగిలితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కొచ్చు, నల్ల మచ్చలు నెలల తరబడి ఉండిపోవచ్చు. నీళ్ళు పోశాక పొద్దుటెండకు వీధి గుమ్మంలో పడుకోబెట్టే అలవాటు మనకుంది గనుక ఇది పసిపిల్లలకు పనికిరాదు. ఇంట్లో పట్టించుకున్న పిండైతే ఏమేం పోశారో అత్తమ్మగారినే అడగండి. పొట్లమైతే తెలియదు, మానేయండి.

రెండో ఇబ్బంది ఒరిపిడి. ఎగ్జిమా ఉన్న చర్మాన్ని పిండితో రుద్దితే పై పొర ఇంకా లేస్తుంది, మడతల్లో మిగిలిన పిండి చెమటకు నాని పుళిసి మంట పుట్టిస్తుంది. మూడోది చాలామందికి తెలియదు. పగిలిన చర్మం గుండా ఆహారంలోని ప్రోటీన్లు లోపలికి పోతే, తర్వాత ఆ ఆహారమే తిన్నప్పుడు పడకపోయే ప్రమాదం ఉంది. అందుకే పప్పు పిండ్లే కాదు, గానుగలో ఆడించిన శెనక్కాయ నూనె కూడా ఈ పాప ఒంటికి వద్దు. మన వైపు శెనక్కాయ నూనె లేని ఇల్లు లేదు, నూనె మంచిదే, వంటకు వాడుకోండి. ఆవనూనె, ఆలివ్ నూనె కూడా పగిలిన చర్మాన్ని ఇంకా బలహీనం చేస్తాయి. కొబ్బరి నూనె పడుతుంది, కానీ తలకు రాసే వాసన నూనె కాదు. వంటకు వాడే, జాబితాలో కొబ్బరి నూనె అన్న ఒక్క మాటే ఉన్న సీసా తీసుకోండి.

అత్తమ్మగారి చేతి పని ఆగనక్కరలేదు. కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి ఒళ్ళు పట్టడం, నీళ్ళు పోయడం ఆమే చేయాలి, ఆ ఓపిక, నేర్పు మామూలువి కావు. ఆ చేతుల్లోని వస్తువు మారితే చాలు. ఆమె తలనొప్పి బామ్ రాసుకునే అలవాటున్నవారైతే పాపను ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోమని చెప్పండి.

నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, మోచేయి ముంచితే వేడి అనిపించకూడదు. ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు ఒకసారి. సబ్బు ఒళ్ళంతా అక్కరలేదు, చంకలు, మెడ మడతలు, పిర్రల దగ్గర మాత్రం సువాసన లేని, పీహెచ్ 5.5 అని రాసిన సిండెట్ బార్ (సబ్బులా ఉండే, క్షార గుణం లేని బిళ్ళ) తడిచేత్తో రాసి కడిగేయండి. మామూలు సబ్బు క్షార గుణం వల్ల చర్మాన్ని ఆరబెడుతుంది, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే తెట్టు కట్టి ఒంటికే అంటుకుంటుంది. మెత్తని గుడ్డతో అద్దండి, తుడవకండి. మూడు నిమిషాల్లోపు, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే సువాసన లేని మాయిశ్చరైజర్ పూయాలి. ఖరీదైనదే అక్కరలేదు, మందుల షాపులో దొరికే వాసన లేని వైట్ సాఫ్ట్ పారాఫిన్ (పెట్రోలియం జెల్లీ) చాలు. చెమట పట్టే పగటి వేళ పల్చని క్రీము, రాత్రి గరుకు చోట్ల పారాఫిన్ వాడండి. మెడ మడతల్లో మాత్రం మందంగా పూయొద్దు, చెమటకాయలు లేస్తాయి.

ఎంత పూయాలో చాలామందికి తెలియదు. ట్యూబు నుంచి పెద్దవాళ్ళ చూపుడు వేలి మొదటి గీత దాకా గీసిన పొడవు అర గ్రాము. ఈ వయసు పాపకు ముఖం, మెడకు ఒకటి, ఒక్కో చేతికి ఒకటి, ఒక్కో కాలికి ఒకటిన్నర, ముందు వైపు ఒకటి, వీపుకూ పిర్రలకూ ఒకటిన్నర, మొత్తం కనీసం ఎనిమిదిన్నర. అంటే ఒక్కసారికి నాలుగు గ్రాముల పైనే. రోజుకు రెండుసార్లు పూస్తే వారానికి 60 గ్రాములు. మీ ఇంట్లో 100 గ్రాముల ట్యూబు రెండు నెలలు వస్తుంటే పాప ఒంటికి చాలడం లేదని అర్థం.

ఒంటికి పూయనివి కూడా తగులుతాయి. బుగ్గల మీద కూడా ఉందని రాశారు కదా, పాప బుగ్గ ఎవరి భుజం మీద ఆనుతుందో చూడండి. నాన్న షర్టు మీది సెంటు, మీరు మెడకు అద్దుకునే పౌడరు అక్కడి నుంచే వస్తాయి. బట్టలకు సువాసన లేని సోపు పొడి వాడి, రెండుసార్లు జాడించండి, కంఫర్ట్ లాంటి ద్రావణాలు మూడు వారాలు వద్దు. పాప గుడ్డల బీరువాలో కలరా ఉండలుంటే ఈ రోజే తీసేయండి. వాటిలోని నాఫ్తలీన్, జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లల్లో రక్తకణాలను పగలగొట్టి కామెర్లు తెప్పిస్తుంది, ఆ లోపం ఉన్నట్టు పరీక్ష చేస్తే తప్ప తెలియదు. సాంబ్రాణి పొగ ఊపిరితిత్తులకు మంట, కప్పుల్లో అమ్మేవాటిలో బొగ్గు, సెంటు కూడా కలుస్తాయి. జుట్టు ఆరడానికి పొడి గుడ్డ, ఫ్యాను గాలి చాలు.

కర్పూరం విషయంలో మేము ఇంకా గట్టిగా చెప్తాం. జలుబుకు కొబ్బరి నూనెలో కర్పూరం కాచి రొమ్ముకు రాయడం మన ఇళ్ళలో ఉంది. రెండేళ్ళలోపు పిల్లలకు కర్పూరం గానీ, కర్పూరం, మెంథాల్ కలిసిన బామ్‌లు గానీ అసలు వద్దు. చర్మం గుండా లోపలికి పోతుంది, నోట్లో పడితే కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. పూజ కర్పూరం, పచ్చకర్పూరం డబ్బాలు పాకే పాపకు అందని ఎత్తులో పెట్టండి.

మూడు వారాలకు ఎరుపు తగ్గితే ఒక్కో వస్తువును తిరిగి పరీక్షించొచ్చు, తప్పనిసరి మాత్రం కాదు. దద్దు లేని చోట, పై చేతి లోపలి వైపు, ఐదు రూపాయల బిళ్ళంత మేర రోజుకు రెండుసార్లు ఏడు రోజులు పూసి చూడండి. ఎర్రబడితే వెంటనే ఆపండి. ఒకేసారి రెండు వస్తువులు పరీక్షించకండి, మధ్యలో వారం విడవండి. స్టెరాయిడ్ క్రీము పూసిన చోట పరీక్షిస్తే అలర్జీ కనబడకుండా అణిగిపోతుంది. సబ్బు, షాంపూ, సున్నిపిండి ఈ పద్ధతిలో పరీక్షించొద్దు, కడగకుండా వదిలేస్తే అవి ఎవరి చర్మాన్నైనా మండిస్తాయి. మూడు వారాలకూ మార్పు లేకపోతే సువాసనే కారణమన్న ఆలోచన వదిలి డాక్టరుతో వేరే కారణాలు వెతకాలి.

ఇప్పుడు కొండ ప్రయాణం. మొక్కు తలనీలాలది, గంధానిది కాదు. ఈ పాపకు గంధం వద్దనే మా సలహా. గుండు చేసినప్పుడు కంటికి కనబడని గాట్లు పడతాయి, అలాంటి తల మీద పూసింది నేరుగా లోపలికి దిగుతుంది. బజార్లో అమ్మే గంధం పొడిలో చందనమే ఉందన్న నమ్మకం లేదు, వేరే చెక్క పొట్టుకు సెంటు, రంగు కలిపి అమ్మేది కూడా ఉంటుంది. శేషాచలం కొండల ఎర్రచందనానికి ఆ వాసన ఉండదు, పరిమళం శ్రీగంధానిది. ఆ శ్రీగంధాన్ని ఇంట్లో సానరాయి మీద అరగదీసినా కొందరికి పడదు. ఎగ్జిమా లేని పిల్లలకైతే ఇంట్లో తీసిన గంధం పల్చగా పూసి, ఆరగానే కడిగేస్తే సరిపోతుంది. సాయంత్రం దాకా ఉంచి ఎండలో తిప్పడం ఎవరికీ మంచిది కాదు.

ప్రయాణానికి వారం ముందు పాప తల చూడండి. నీరు కారే చోట్లుంటే ముహూర్తం వాయిదా వేయండి. కల్యాణకట్టలో కొత్త బ్లేడు అడిగి, మీ కళ్ళ ముందే విప్పించండి. తల తడపడానికి నీళ్ళు చాలు. గుండయ్యాక మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, పల్చని తెల్ల నూలు టోపీ పెట్టండి. మర్నాడు నుంచి కొబ్బరి నూనె రాయొచ్చు.

డాక్టరు దగ్గరికి ఆలస్యం చేయకూడని గుర్తులు ఇవి: దద్దు మీద చీము, పసుపు పచ్చని చెక్కు, జ్వరం, ఒకే సైజులో గుంపుగా లేచే నొప్పి పొక్కులు, పాలు తాగకపోవడం. పెదవులు, కళ్ళు వాచినా, ఊపిరి కష్టమైనా 108కి ఫోన్ చేయండి. మందుల షాపులో అడిగితే ఇచ్చే, స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిసిన క్రీములు పూయకండి. రెండు రోజుల్లో తెల్లబడినట్టు కనబడి, ఆపగానే రెట్టింపవుతుంది, పసి బుగ్గల చర్మం పల్చబడిపోతుంది. అదే డాక్టరు తక్కువ శక్తి గల స్టెరాయిడ్‌ను ఎన్ని రోజులో, ఎంత పూయాలో రాసి ఇస్తే భయపడి మానేయొద్దు, రాసినన్ని రోజులు వాడండి.

తిరుపతి రుయా ఆసుపత్రిలో పిల్లల విభాగం, చర్మవ్యాధుల విభాగం రెండూ ఉన్నాయి. వెళ్ళేటప్పుడు పాప ఒంటికి తగిలిన ప్రతి సీసా, సబ్బు కవరు, సున్నిపిండి పొట్లం ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి, జాబితా చూస్తేనే డాక్టరుకు కారణం అందుతుంది. దద్దు బాగా లేచిన రోజు పగటి వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి, వెళ్ళిన రోజు తగ్గి ఉండొచ్చు. ఒక వస్తువు వల్లే అని తేలితే బ్యాచ్ నంబరు కనబడేలా డబ్బా, బిల్లు దాచి, ఔషధ నియంత్రణ శాఖ డ్రగ్స్ ఇన్స్పెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పొచ్చు.